ప్రశ్నల క్యాసెట్

జూన్ 9

పిచ్చుకా,

ఆఖరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున మీ అక్క మామూలుగానే లేచింది. అంతకు ముందు నుంచే కొంచెం ఆయాసం ఉంది. గాలి మారింది కదా, అందుకేలెండి అంది. టీ తాగి, దీవివాళ్ళ పాత ఫోటోలూ మాటల క్యాసెట్‌లూ దాచే మా చరిత్ర గదికి నాకంటే ముందే వెళ్ళింది. పైకప్పు కారి, రేవు కట్టినప్పటి ఫోటోల పెట్టె తడిసింది. తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటిని నీళ్ళ పళ్ళెంలో వేసి నెమ్మదిగా విడదీయాలి. ఆ పని నాకెప్పుడూ ఇవ్వదు. నా వేళ్ళు లావట.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. నేను వెళ్ళాను. కుర్చీలో కూర్చుని ఉంది. ముఖమంతా చెమట. "ఏం లేదు, కాస్త కూర్చుంటాను" అంది. నర్సమ్మను పిలుచుకొచ్చాను. ఆవిడ నాడి చూసి నా వంక చూసింది. అవతలి ఒడ్డు ఆసుపత్రికి తీసుకెళ్ళాలంది. రేవుకు వెళ్ళాను. అలలు రేవు గోడ దాటి ఇవతల పడుతున్నాయి. పడవ సరంగు, "మీరు ఎక్కుతానంటే తీస్తాను సార్. చేరతామని మాత్రం చెప్పలేను" అన్నాడు. అతన్ని తప్పు పట్టను.

ఇంటికి మోసుకొచ్చాం. సాయంత్రం కాస్త తేరుకుంది. ఫోటోలు ఎండలో పెట్టకండి, నీడలో ఆరబెట్టండి అంది. సరే అన్నాను. ఆదివారం అమ్మకు ఫోన్ చెయ్యాలి, ఎదురుచూస్తుంది అంది. దానికీ సరే అన్నాను. దీపాలు పెట్టే వేళకు పోయింది. చెయ్యి నా చేతిలోనే ఉంది. పోయిందని నర్సమ్మ చెప్తేగానీ నాకు తెలియలేదు.

మర్నాడు దీవి అంతా వచ్చింది. చెయ్యవలసినవన్నీ వాళ్ళే చేశారు. నేను నిలబడ్డాను. పడవలు లేక నువ్వు రాలేకపోయావు. దానికి నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

ఫోటోలు నీడలోనే ఆరాయి.

అత్తయ్యకు ఇందులో ఎంత చదివి వినిపించాలో నీకే వదిలేస్తున్నాను.

బావ

*

జూన్ 24

బావా,

షాపు అడ్రసుకు రాసి మంచి పని చేశారు. ఇకముందు కూడా ఇక్కడికే రాయండి. మా వీధి పోస్టుమాన్ ఒట్టి వాగుడుకాయ. మెట్ల కిందనుంచే "దీవి ఉత్తరం వచ్చిందమ్మోయ్" అని నాలుగిళ్ళకు వినపడేలా అరుస్తాడు.

వెనక గదిలో, అద్దాలు సానపట్టే మిషన్ దగ్గర కూర్చుని చదివాను. ఏడుపు బయటికి వినపడకుండా మిషన్ ఆన్ చేసుకున్నాను. మా ఓనరు లోపలికొచ్చి, "ఏంటమ్మా, అద్దం లేకుండా మిషన్ తిప్పుతున్నావు, కరెంటు బిల్లు నువ్వు కడతావా?" అన్నాడు. తర్వాత నా మొహం చూశాడు. ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కళ్ళజోళ్ళు అమ్మే మనిషి కదా, ఏదైనా కాస్త ఆలస్యంగా కనపడుతుంది.

మీరు రాసే తీరే అంత అని తెలుసు. అయినా ఇంకో నాలుగు ముక్కలు రాస్తే మీ సొమ్మేం పోయేది? ఫోటోలు ఆరాయి సరే. మీ సంగతేంటి? అన్నం ఎవరు వండుతున్నారు? ఆ గదిలోనే పొద్దస్తమానం కూర్చుంటున్నారా? కిటికీ కూడా లేని గది అది. అసలు మంచుగడ్డలు దాచుకోవడానికి కట్టినదాంట్లో మనుషులు కూర్చుంటారా అని నేను నవ్వితే, "మేమూ కరిగిపోయేవే దాస్తున్నాం కదే" అనేది అక్క. ఎప్పుడూ ఒక మాట రెడీగా ఉండేది దానికి.

అమ్మ ఎప్పటిలాగే ఉంది. చూపు పూర్తిగా పోయాక చెవులు పదునెక్కాయి. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, చెప్పుల చప్పుడుబట్టి వీధిలో ఎవరు వెళ్తున్నారో చెప్పేస్తుంది. నేను మెట్లెక్కే తీరుబట్టి షాపులో ఎవరు విసిగించారో చెప్తుంది. చూపున్నవాళ్ళ ముందైతే మొహం దాచుకుంటే చాలు. ఈవిడ ముందు గొంతు దాచుకోవాలి.

ఒకటి అడుగుతాను, కాదనకండి. అక్క గొంతున్న క్యాసెట్ ఒకటి పంపండి. ఏదైనా సరే. మీ దగ్గర వందలు ఉన్నాయి కదా.

మీరు ఇప్పుడే ఇటు రావద్దు బావా. తప్పుగా అనుకోకండి. కొన్నాళ్ళు పోనివ్వండి. ఇక్కడ పరిస్థితి అలా ఉంది.

మీ
పిచ్చుక

*

జులై 7

పిచ్చుకా,

రావద్దన్నావు. రాను.

కారణం నువ్వు రాయలేదు, నేను అడగను. అత్తయ్య నా గొంతు వినడానికి ఇష్టపడటం లేదని అర్థమైంది. ఆయాసం మొదలైన రోజే పడవ ఎక్కించి ఉంటే అన్న మాట ఆవిడ అనే ఉంటుంది. నేనూ అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ కోపం న్యాయమే.

క్యాసెట్ సంగతి. వందలు ఉన్న మాట నిజమే. వాటిలో మీ అక్క గొంతు లేదు. దీవిలో వాళ్ళు చెప్పింది ఉంది గానీ, అడిగినావిడ లేదు. అది ఆవిడ పెట్టిన పద్ధతే. రేపు వినేవాళ్ళకు సరంగు తాత మాటలు కావాలి గానీ నా సణుగుడు ఎందుకండీ అనేది. నేను రెండు మిషన్లు పక్కపక్కన పెట్టుకుని, ఆవిడ గొంతు వచ్చినచోటల్లా ఆపుతూ శుభ్రమైన కాపీ తీసేవాణ్ణి. మొదటి క్యాసెట్ మీద మళ్ళీ ఇంకొకరి మాటలు ఎక్కించేవాళ్ళం. దీవికి కొత్త క్యాసెట్‌లు సులువుగా వచ్చేవి కావు. ఈ ఏడాది తీసినవి కొన్ని మాత్రం కాపీ చెయ్యకుండా మిగిలాయి. వాటిలో ఆవిడ అక్కడో మాట ఇక్కడో మాటగా ఉంది. ఎక్కువ దగ్గు.

బాగా వినపడేది ఒక్కటే ఉంది, అది పంపుతున్నాను. ప్రశ్నల క్యాసెట్ అంటాం. వలలు కుట్టే పెద్దమ్మ వల్ల పుట్టింది. మీ అక్క ఎదురుగా కూర్చుంటే పెద్దమ్మ ఒక్క ముక్క మాట్లాడేది కాదు. "నీ మొహం చూస్తే నాకు నవ్వొస్తుందమ్మా. నువ్వు ఇంటికి పో, నీ గొంతు పంపించు" అంది. మీ అక్క నిజంగానే ప్రశ్నలన్నీ ఒక క్యాసెట్‌లో చదివి పంపింది. ఒక్కో ప్రశ్న విని, ఆపి, రెండో మిషన్‌లో జవాబు చెప్పడమే. పెద్దమ్మ మూడు క్యాసెట్‌లు నింపింది. ఆ తర్వాత మొహమాటం ఉన్న ప్రతి ఇంటికీ ఇదే వెళ్ళింది. అందులో ఆవిడ ఒక్కతే మాట్లాడుతుంది. జాగ్రత్తగా వాడు. ఇంకొకటి లేదు.

గది పైకప్పు బాగుచెయ్యడం కుదరదట. అవతలి ఒడ్డు ఆఫీసు వాళ్ళు మొత్తం సామాను తీసుకెళ్ళి తమ దగ్గర పెట్టుకుంటామని రాశారు. నన్ను అన్నీ సర్ది, నంబర్లు వేసి ఉంచమన్నారు. దీవిలో వాళ్ళకు ఇష్టం లేదు. పెద్దమ్మ రోజూ వచ్చి వాళ్ళాయన ఫోటో ముందు కాసేపు కూర్చుంటుంది. ఫోటో తీసుకుపొమ్మంటే, "ఇంట్లో ఉంటే నేనొక్కదాన్నే చూస్తాను. ఇక్కడైతే నలుగురిలో ఉన్నాడు" అంది.

అన్నం నేనే వండుకుంటున్నాను.

బావ

*

జులై 29

బావా,

ముందు మీరు కూర్చోండి. కూర్చుని చదవండి.

అక్క పోయిందని అమ్మకు తెలియదు. నేను చెప్పలేదు.

వైర్‌లెస్ కబురు అందిన రోజు చెప్దామనే మెట్లెక్కాను. తలుపు తియ్యగానే, "ఈ ఆదివారం మీ అక్క ఫోన్ చెయ్యలేదేమే, ఏమైనా తెలిసిందా?" అంది. నాన్న పోయినప్పుడు అమ్మ పడ్డ పాటు కళ్ళముందు కదిలింది. ఆ ఆసుపత్రి, ఆ ట్యూబులు, ఇంకో దెబ్బంటూ తగిలితే తట్టుకోదని డాక్టరు అన్న మాట. "దీవికి ఫోన్ లైన్లు తెగిపోయాయిటమ్మా, వాళ్ళు బాగానే ఉన్నారు" అన్నాను. లైన్లు తెగింది నిజమే, ఇంకా కలపలేదు కూడా; రెండో మాటే అబద్ధం. రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆ ఒక్క మాటకు అప్పట్నుంచీ రోజూ మేత వేసి పెంచుతున్నాను. మిమ్మల్ని రావద్దన్నది అందుకే. మీరు వస్తే అక్క ఏదీ అంటుంది. మీ మీద అమ్మకు కోపమేమిటి? అలా ఎలా అనుకున్నారు? "ఆ గోడ ఎలా ఉన్నాడో, దానికైనా ఒక మాట చెప్తాడో లేదో" అని మిమ్మల్ని తలుచుకోని రోజు లేదు. గోడ అంటే మీరే. ఇన్నేళ్ళుగా మీ వెనక అదే పేరు. మీకిప్పుడు తెలిసిపోయింది.

క్యాసెట్ నా కోసమే అడిగాను. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు సన్నగా పెట్టుకున్నాను. అంతే, స్నానాల గదిలోంచి "అది నా పెద్దదాని గొంతు కదే!" అని కేక. ఒంటికి తడి చీర చుట్టుకుని, గోడ పట్టుకుని వచ్చేసింది. పడుతుందేమోనని నేను పరిగెత్తాను. ఈలోపు మిషన్ నడుస్తూనే ఉంది.

మీకు గుర్తుందా అది ఎలా మొదలవుతుందో? "నమస్కారం అమ్మా, బాగున్నారా? నేను ఎదురుగా లేనని మొహమాటపడకండి. ప్రశ్న వినండి, మిషన్ ఆపండి, తోచినంతసేపు చెప్పండి. నాకేం తొందర లేదు. వింటాను."

"నాకు నమస్కారం పెడుతుందేమే ఇది!" అంది అమ్మ. "మీరూ గీరూ అంటోంది చూడు. ఆఫీసు పని కాబట్టి అలాగే అడగాలి కాబోలు. ఫోన్ లేకపోతేనేం, దారి వెతుక్కుంది నా తల్లి. ఊఁ, ఆపవే దాన్ని. అది అడిగింది కదా, చెప్పనీ."

నేనేం చెయ్యను బావా? మీరైతే ఏం చేస్తారు?

మా ఓనరు దగ్గర ఇంకో మిషన్ అడిగి తెచ్చాను. అమ్మ శుభ్రంగా తల దువ్వించుకుని కూర్చుంది. పుట్టిన ఇల్లు ఎలా ఉండేది, ఎవరితో ఆడుకునేవారు, మొదట చేసిన పని ఏది, అన్నింటికీ చెప్పింది. నాకు ఒక్కటీ తెలియదు ఇందులో. మధ్యలో నేనేదో అందిస్తే, "నువ్వూరుకో, అడిగింది నిన్ను కాదు" అని కసిరింది. నాన్న పోయాక అమ్మ ఇంత ఓపికగా ఉండటం నేను చూడలేదు. పొద్దున లేవగానే, "నిన్న ఎక్కడిదాకా వచ్చాం?" అంటోంది.

నిండిన క్యాసెట్ ఇందులో పెట్టాను. పంపించావా, పంపించావా అని ప్రాణం తీసింది. ఉత్తరానికి జవాబు రెండు కాగితాల మీద రాయండి. ఒకటి నాకు. ఇంకోటి అక్క రాసినట్టు, అమ్మకు చదవడానికి. క్యాసెట్ అందింది, బాగుంది అని రెండు లైన్లు చాలు. నాలుగైదు మాటలకు మించి రాయడం మీకెలాగూ రాదు కదా, కష్టమేం కాదు.

తిట్టాలనుంటే తిట్టండి.

పిచ్చుక

*

ఆగస్టు 12

పిచ్చుకా,

పడవలు మళ్ళీ ఆగాయి. నీ ఉత్తరమూ క్యాసెట్టూ రేవు ఆఫీసులో చిక్కుకుపోయి నిన్ననే చేతికొచ్చాయి.

రెండో కాగితం పెట్టలేదు. అలాంటి ఉత్తరం నేను రాయలేను.

అత్తయ్యకు చెప్పు.

క్యాసెట్ రెండు వైపులా విన్నాను. మీ అక్క చిన్నప్పుడు అలిగితే మంచం కిందికి వెళ్ళి పడుకునేదని, బయటికి లాగకుండా అత్తయ్య కూడా మంచం కిందికి దూరి పక్కనే పడుకునేదని చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో మీ అక్క నాకు ఇది చెప్పలేదు. ఒకచోట అత్తయ్య అంటుంది: "ఆ దీవిలో వాళ్ళ ముత్తాతల సంగతులన్నీ పోగేశావు. నన్నొక్క మాట అడిగావటే? ఇప్పటికైనా అడిగావు. ఇంక నేను ఊరుకోను." వెనక వీధిలో ఎవరో నవ్వుతున్నారు. నువ్వు గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

వింటున్నది ఎవరో తెలిసి చెప్పవలసిన మాటలు అవి. నాకు చెప్పినవి కావు. నేను విన్నాను. అది నాకు కష్టంగా ఉంది.

ఇక్కడ చరిత్ర గది తలుపు ఉబ్బింది. వానకు చెక్క నీళ్ళు తాగి చట్రంలో బిగుసుకుపోతుంది. నిన్న నీ క్యాసెట్ వింటుండగా మూసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. కేకలు వెయ్యడం నాకు చేతకాదు. కూర్చున్నాను. చాలాసేపటికి వలల పెద్దమ్మ వచ్చి, బయటినుంచి భుజంతో ఒక్క తోపు తోసింది. "కాస్త నోరు తెరిచి పిలిస్తే ఏం పోయింది సార్? తలుపుకు చెవులున్నాయని మొహమాటమా?" అంది. తర్వాత లోపలికి చూసి, "అమ్మగారున్నప్పుడు ఈ తలుపు ఇలా చేసేది కాదు" అంది. అప్పుడూ చేసేది. మీ అక్క గట్టిగా పిలిచేది.

పెట్టెలు సగం సర్దాను. పెద్దమ్మ సర్దినవాటిలోంచి వాళ్ళాయన ఫోటో తీసి మళ్ళీ గోడకు పెడుతోంది. నేను మళ్ళీ పెట్టెలో పెడుతున్నాను. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోం.

ఆలస్యం చెయ్యకు. చెప్పెయ్.

బావ

*

ఆగస్టు 27

బావా,

చెప్పెయ్ అని రాయడానికి మీకు ఒక మాట పట్టింది. ఇక్కడికొచ్చి ఈ గదిలో నిలబడి చెప్పి చూడండి తెలుస్తుంది.

మీ ఉత్తరం ఎన్నాళ్ళకూ రాకపోతే కోపంతో మానేశారనుకున్నాను. గోడ అన్నందుకు కోపం వచ్చిందేమో, నేనెందుకు నోరు జారానా అని నన్ను నేను తిట్టుకున్నాను. తీరా వచ్చిన ఉత్తరం చూస్తే అదీ గోడలాగే ఉంది.

చెప్పడానికి రెండుసార్లు కూర్చున్నాను బావా. మొదటిసారి, "అమ్మా, ఒక మాట" అన్నానో లేదో, "నీ గొంతు బాగోలేదు, షాపులో పని పోయిందా ఏంటే" అని నా చెయ్యి పట్టుకుని ఒకటే కంగారు. లేదమ్మా, జలుబు అన్నాను. రెండోసారి మీ ఉత్తరం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజే ప్రశ్నలన్నీ అయిపోయాయి.

ఆఖరి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు కదా. "ఇంకేమైనా అడగడం మరిచిపోయానా?" అంటుంది అక్క. నవ్వుతూ అంటుంది. అమ్మ కుర్చీని మిషన్ దగ్గరికి జరుపుకుంది. తర్వాత, "మరిచిపోయావు. అదేంటో మిషన్‌కు చెప్పను. వచ్చి నువ్వే అడుగు" అంది. నన్ను మిషన్ ఆపేయమంది.

అంతే, ఆ రోజు నుంచి ఎదురుచూపు. మెట్ల మీద ఎవరి చప్పుడైనా లేచి కూర్చుంటుంది. సగం అన్నం వదిలేస్తోంది, "అదొచ్చాక తింటాలే" అని. పై వాటాలో వాళ్ళ పిల్ల గాజులు గలగలలాడితే, "వచ్చిందా?" అంది. బావా, నేను పొద్దున షాపు తాళం తీసి, సాయంత్రం ఇంటి తాళం తీసి, మధ్యలో ఎక్కడా ఊపిరి పీల్చుకోవడం లేదు. ఇంట్లో ఏడవకూడదు, షాపులో ఏడవకూడదు. వీధిలో ఏడిస్తే ఎవరో ఒకరు అమ్మకు మోసేస్తారు. అక్క పోయి ఇన్నాళ్ళయింది, నేనింకా దానికోసం గట్టిగా ఒక్కసారి ఏడవలేదు.

అందుకని అడుగుతున్నాను. మీ దగ్గర కాపీ చెయ్యని క్యాసెట్‌లు ఉన్నాయన్నారు. రెండు మిషన్లు ఉన్నాయి. ఇంతకాలం అక్క మాటల్ని తీసేశారు కదా, ఇప్పుడు అదే చేత్తో కలపండి. అమ్మా, నేను బాగానే ఉన్నాను, ఇప్పుడు రాలేను. అంతే. దానితో ఇంకొన్ని నెలలు గడుస్తాయి. ఆవిడ గుండెకు ఎన్ని నెలలున్నాయో ఎవరికి తెలుసు? ప్రశాంతంగా వెళ్ళిపోనివ్వండి.

ఇది తప్పని నాకు చెప్పకండి. తప్పని తెలుసు. చేతనవుతుందా లేదా అంతే చెప్పండి.

పిచ్చుక

*

సెప్టెంబరు 11

పిచ్చుకా,

చేతనవుతుంది. చేశాను.

ఎలా చేశానో చెప్తాను. "అమ్మా" అన్న మాట తేలిగ్గా దొరికింది. పెద్దవాళ్ళందర్నీ అలాగే పిలిచేది కదా. "బాగానే ఉన్నాను" అన్నది నర్సమ్మ అడిగినప్పుడు అన్న మాట. దాని వెనక దగ్గు ఉంది, దగ్గు మొదలయ్యేలోపు ఆపాను. "ఇప్పుడు రాలేను" అన్నది నాతోనే అంది. నేను భోజనానికి పిలవడానికి వెళ్ళినప్పుడు మిషన్ ఆన్‌లో ఉంది. మూడూ వరుసగా ఎక్కించి విన్నాను.

నమ్మేలా ఉంది. నేనే నమ్మాను.

నీకు పంపడానికి పొట్లం కట్టి, మళ్ళీ విప్పాను. ఇంకొక్కసారి విందామనిపించింది. తర్వాత మిగతా క్యాసెట్‌లు తిరగెయ్యడం మొదలుపెట్టాను. "ఏమండీ" అన్న మాట ఎక్కడుందో వెతికాను. దొరికింది. "కాస్త ఇటు రండి" దొరికింది. "తిన్నారా" దొరికింది. అన్నీ ఒకచోట చేర్చాను. ఆవిడ నన్ను పిలిచి, తిన్నారా అని అడిగింది. తిన్నాను అని నేను పైకే జవాబు చెప్పాను. నిజానికి తినలేదు. రెండు రోజులు గదిలోనే ఉండిపోయాను. తలుపు ఉబ్బి మూసుకోలేదు, తెరిచే ఉంది. ఉండాలనిపించి ఉన్నాను.

రెండో రోజు వలల పెద్దమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. "సార్, లోపల అమ్మగారి గొంతు వినిపిస్తోంది" అంది. క్యాసెట్ అన్నాను. "క్యాసెట్ అయితే నాకు తెలీదా? అమ్మగారి క్యాసెట్‌లు నేనెన్ని వినలేదు? ఇది మీతో మాట్లాడుతోంది!" అంది. లోపలికి రమ్మన్నాను. రానంది. వాళ్ళాయన ఫోటో తెచ్చి ఇమ్మంది, ఇచ్చాను. కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. రోజూ ఆ ఫోటోను మళ్ళీ గోడకు పెట్టుకున్న మనిషి, ఈ గదికి భయపడి దాన్ని ఇంటికి తీసుకుపోయింది.

అప్పుడు నీకోసం చేసిన క్యాసెట్ మరోసారి విన్నాను. అమ్మా. నేను బాగానే ఉన్నాను. ఇప్పుడు రాలేను. మీ అక్క ఇలా మాట్లాడే మనిషా? రాలేనంటే ఎందుకు రాలేకపోతోందో, వస్తే ఏ పడవలో వచ్చేదో, రానందుకు ఎవర్ని తిట్టాలో, పక్కింటివాళ్ళ సంగతితో సహా చెప్పేది. ఇవి నేను మాట్లాడే తీరులో ఉన్న మాటలు. ఆవిడ గొంతులో నేనే మాట్లాడుతున్నాను. మెట్లెక్కే చప్పుడుబట్టి మనుషుల్ని పోల్చే అత్తయ్య దీన్ని పోల్చలేదా? ఒకవేళ పోల్చకపోతే అది ఇంకా ఘోరం. రేపటి నుంచి ఇంకోటి కావాలంటుంది. నేను ఇంకోటి చేస్తాను. చేస్తానని నాకు తెలుసు. ఈ రెండు రోజుల్లో తెలిసింది.

చేసినవన్నీ చెరిపేశాను. విడిగా ఉన్న అసలు క్యాసెట్‌లు ఎలా ఉన్నవి అలాగే నంబర్లు వేసి పెట్టెలో పెట్టాను. దగ్గుతో సహా.

నీ మీద నాకు కోపం లేదు. గోడ అన్నందుకు అసలే లేదు, నా వెనక ఇంకా పెద్ద పేర్లే ఉంటాయనుకున్నాను. చెప్పెయ్ అని రాసినప్పుడు, అది ఎవరు చెప్పాలో నేను ఆలోచించలేదు. మొదటి ఉత్తరంలోనే ఎంత చదవాలో నీకు వదిలేస్తున్నానని రాసి చేతులు దులుపుకున్నాను. ఆ రోజు అత్తయ్య కూతురి పక్కన ఉన్నది నేను. నువ్వు కాదు. అక్కడ లేని నీ నోటితో ఆ మాట చెప్పించాలని చూశాను, ఇన్నాళ్ళు నువ్వు ఒక్కదానివే నలిగావు. నన్ను రావద్దన్నావని నేను సులువుగా ఊరుకున్నాను. రాకుండా ఉండటానికి నాకూ ఒక సాకు దొరికింది.

ఆవిడ గుండె తట్టుకోకపోవచ్చు. అది నాకు తెలుసు. డాక్టరును ముందే పిలిచి, పక్క గదిలో కూర్చోబెట్టు. వైద్యం చెయ్యడం ఆయన పని. కానీ మెట్ల మీద ప్రతి చప్పుడుకూ లేచి కూర్చుంటూ, అన్నం వదిలేస్తూ ఆవిడ ఎదురుచూడటం కూడా గుండెకు మంచిది కాదు. ఆ సంగతి ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు.

ఆఫీసు నుంచి వచ్చినాయన ఇప్పుడే పెట్టెలన్నీ పడవలోకి ఎక్కించుకున్నాడు. గది ఖాళీ అయింది. లోపల మాట్లాడితే మాట తిరిగి వినిపిస్తోంది. ఆయనది మీ ఊరే. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను, షాపులో ఇస్తానన్నాడు. నాకంటే ఒక పూట ముందు నీకు అందుతుంది. అత్తయ్య మాట్లాడిన క్యాసెట్ పెట్టెల్లో పెట్టలేదు. అది దీవిది కాదు. నా సంచిలో ఉంది, ఆవిడకే ఇచ్చేస్తాను.

నువ్వు ఇంట్లో ఉంటావో, షాపులో ఉంటావో నీ ఇష్టం. ఉండలేకపోతే ఉండకు. నేను చెప్పాక మాత్రం ఆవిడ పక్కన నువ్వు కావాలి. ఆ తర్వాత మీ ఇద్దరూ ఎంత గట్టిగా ఏడ్చినా అడిగేవాళ్ళు లేరు.

సరంగును అడిగాను, సముద్రం బాగానే ఉందన్నాడు. రేపు ఉదయం మొదటి పడవెక్కి వస్తాను. మీ మెట్లెక్కి, అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ పెద్ద కూతురు పోయిందని నా నోటితో నేనే చెప్తాను.

బావ